బాండ్ పేపర్ మీద దత్తత

కొత్త జిల్లాలైన మరుసటి ఏడు. వీర్నపల్లి దిక్కు ఒక సబ్‌సెంటర్‌ల నేను ఏఎన్ఎం, అంటే ఊర్లు తిరిగే నర్సు. గర్భిణీల పేర్లు రాసుకునుడు, పిల్లలకు సూదులేసుడు నా పని.

ఒక బుధవారం టీకాలిస్తుంటే లక్ష్మి అచ్చింది. బీడీలు చేస్తది. పెనిమిటి దుబాయిల ఉంటడు. పెండ్లై పదేండ్లాయె, పిల్లల్లేరు. గసొంటిది, సంకల పసిగుడ్డు!

"నా బిడ్డ అక్కా. కోరుట్లల మా అవ్వగారింటికాడ కాన్పైంది. సూదెయ్యి" అన్నది.

నా రిజిస్టర్ల ఆమె పేరే లేదు. నెల కింద చూసినప్పుడు కడుపూ లేదు. పిల్ల బట్ట ఇప్పిన. బొడ్డుకు బీడీలు కట్టే దారం కట్టి ఉన్నది. చుట్టూ కంది చీము పట్టింది. ఒళ్లు కాలుతున్నది, ఏడుపు సుత లేదు.

"పాలు తాగుతుందా?"

"నిన్నటి సంది తాగుతలేదు."

"నిజం చెప్పు లక్ష్మీ. ఎక్కడిదీ పిల్ల?"

సంచిలకెళ్లి బాండ్ పేపర్ తీసింది. ఎల్లారెడ్డిపేట బస్టాండుకాడ దొరికిన ఆడపిల్లను లక్ష్మికి దత్తతిచ్చినమని పెద్దమనుషుల సంతకాలు, ఆరు దినాల కిందటి తారీఖు. మా దిక్కు భూమి పంచినా, ఆలుమగలు విడిపోయినా బాండ్ పేపర్ మీద రాస్తే అయిపోయిందనుకుంటరు. దత్తతకు అది చెల్లదు. దొరికిన పిల్లను ఇరవై నాలుగు గంటల్ల సీడబ్ల్యూసీకి, అంటే పిల్లల సంక్షేమ కమిటీకి, అప్పజెప్పాలె. కన్నోళ్ల కోసం పేపర్ల ప్రకటన ఇస్తరు. రెండు నెలల్ల ఎవ్వరూ రాకుంటే 'లీగల్లీ ఫ్రీ' అని, దత్తతకు ఇయ్యచ్చని, తేలుస్తరు. అప్పుడు దత్తతకు దరఖాస్తు పెట్టుకొని లైన్ల ఉన్నోళ్లకు ఇస్తరు. దొరికినోళ్లకు హక్కుండది.

"ఆరు దినాలు ఇంట్ల పెట్టుకున్నవ్. జరమస్తే దావఖానకు ఎందుకు తీస్కపోలే?" అని గయ్యిమన్న.

"దొరికిన పిల్లను పెట్టుకుంటే జైలని మీటింగుల నువ్వే గదక్కా చెప్పినవ్! కేసైతే మా ఆయన పాస్‌పోర్టుకు ఏమైతదో అని భయపడ్డ."

నిజమే, చెప్పింది నేనే. జైలు మాట గట్టిగ చెప్పిన. అదే రోజు అప్పజెప్తే కేసే ఉండదన్న మాట మరిచిన.

108 పిలిచిన. సిరిసిల్ల దావఖాన దాకా పిల్ల రొమ్ము మీద వేళ్లు పెట్టే కూసున్న. ఊపిరి తప్పినప్పుడల్లా అరికాలు తట్టిన. పిల్లల రక్షణ ఆఫీసర్‌కు ఫోన్ చేస్తుంటే లక్ష్మి నా కొంగు పట్టుకున్నది.

"గుంజుకపోతరా అక్కా?"

"తీస్కపోతరు."

"బతుకుతదా?"

జల్ది పోనియ్యమని డ్రైవర్‌కు చెప్పిన.

పన్నెండు దినాలు ఐసీయూల ఉండి పిల్ల బతికింది. దిక్కులేని పిల్లల్ని సాకే సర్కారు శిశుగృహకు పోయింది. లక్ష్మిని పోలీసోళ్లు బెదిరిచ్చి ఇడిసిపెట్టిన్రు. కొన్ని నెలలకు పిల్లను దత్తతిచ్చినమని తెలిసింది. ఎవ్వరికో, ఏ ఊరికో చెప్పరు. గదే లక్ష్మికి చెప్పిన.

"మొదటి రోజే తెచ్చిస్తే నాకిస్తుండెనా అక్కా?"

"ఇయ్యరు లక్ష్మీ. లైన్ల ముందున్నోళ్లకే."

"గది ఎరుకైతే, గా బుధవారం సుత తేకపోతుంటినేమో" అన్నది.

ఇప్పుడు ఏ మీటింగులైనా, అప్పజెప్తే కేసుండదని ముందుగాల చెప్తున్న. లక్ష్మి అడిగింది ఇంకెవరన్న అడుగుతే అబద్ధం చెప్ప. కానీ ముందు వరుసల పిల్లల్లేని ఆడోళ్లు కనవడితే, అడుగుతరేమోనని వాళ్ల దిక్కు చూడకుంటనే చెప్త.