ముట్టినా వెలగని అద్దం

రాయచూరులో నలభై ఏళ్లుగా గోడలకు సున్నం వేస్తున్న ఈరన్నకు పెద్ద ఫోను కొనక తప్పని పరిస్థితి వచ్చింది. పని ఎక్కడుందో మేస్త్రీ ఇప్పుడు వాట్సాప్‌లోనే చెబుతున్నాడు మరి. దుకాణంలో స్ఫూర్తి అనే అమ్మాయి నాలుగు ఫోన్లు చూపించింది. ఈరన్న ఎంత రుద్దినా ఒక్కటీ కదల్లేదు.

"గట్టిగ ఒత్తకు తాతా, మెల్లగ ముట్టు."

"ముట్టుతనే ఉన్న గద బిడ్డా!"

ఆమె చిటికెన వేలు తగలగానే ఫోను వెలిగింది. ఈరన్న తన వేళ్లను తిప్పి చూసుకున్నాడు. సున్నం తినేసి, ఎండి మొద్దుబారిన కొనల మీద ఒక్క గీతా మిగల్లేదు.

"గోడలకు ఈ చేతులు ఎరుకే బిడ్డా. ఈ అద్దానికే నేను మనిషి లెక్క కనవడ్తలేను."

అంకెలు అరిగిపోయిన పాత ఫోనును మళ్లీ జేబులో వేసుకున్నాడు. అది మోగి పదిరోజులైంది.