తమ్ముడి గడ్డం

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అనేవారు. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో తమ్ముడి మంచం. ఆమె బతుకంతా ఆ రెండింటి మధ్యే నడిచేది. మిషను తొక్కుతూనే వెనక్కి చెవి వేసి ఉంచేది. చిన్న మూలుగు వినబడితే చాలు, గుడ్డ సూది కిందే వదిలి లేచిపోయేది.

తమ్ముడు బస్సు డ్రైవరు. పెళ్ళి చేసుకోలేదు. షోకు మాత్రం ఎక్కువే. గడ్డం గీసుకోకుండా ఏనాడూ బస్సెక్కి ఎరగడు. "బస్సు నడపడానికి పోతున్నావా, పెళ్ళిచూపులకా?" అని అక్క రోజూ ఎకసెక్కం చేసేది. అలాంటి మనిషికి డిపోలోనే పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాటల్లో ఒక్కటే మిగిలింది: "సరే".

ఆకలేస్తోందా అంటే సరే. నొప్పిగా ఉందా అంటే సరే.

"పుట్టి బుద్ధెరిగాక నా మాట ఒక్కటి విన్నావు కాదు. ఇప్పుడు అన్నిటికీ సరేనా!" అని ఆమె నవ్వించబోయేది. అతను ఎడమ పెదవితో నవ్వేవాడు. ఆమె గబగబా ముందుగదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేది.

గడ్డం గీసే పని కూడా ఆమె మీదే పడింది. కొట్టువాడు మంచిదని చెబితే నాలుగు బ్లేళ్ళ రేజరు కొని తెచ్చింది. కొన్నాళ్ళకే తమ్ముడి మెడంతా ఎర్రటి పొక్కులు లేచాయి. కొన్ని చీము పట్టాయి. దిండు గలేబు తగిలినా ముఖం చిట్లించేవాడు. "గడ్డం గీయనా?" అంటే "సరే" అనేవాడు గానీ, రేజరు కనబడగానే ముఖం గోడవైపు తిప్పేసుకునేవాడు. ఆ తిప్పుకోవడం ఆమె ప్రాణాన్ని నలిపేసేది. తన చేతులే వాడిని బాధపెడుతున్నాయి కదా అనుకునేది.

చివరికి చక్రాల కుర్చీలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ మెడ నిదానంగా చూసింది.

"వెంట్రుక చర్మం కన్నా లోతుగా తెగుతోందమ్మా. మళ్ళీ మొలిచేటప్పుడు బయటికి రాలేక లోపలే గుచ్చుకుంటోంది. ఒక్క బ్లేడుండే సేఫ్టీ రేజరు వాడి చూడండి. ముందు గోరువెచ్చటి నీళ్ళతో మెత్తబరచండి. వెంట్రుక వాలిన వైపే గీయండి, నొక్కొద్దు."

"ఎటు వాలిందో నాకెలా తెలుస్తుందండీ?"

"మీరేం చేస్తుంటారు?"

"బట్టలు కుడతాను."

"అయితే మీ వేళ్ళకే తెలుస్తుంది," అంది డాక్టరమ్మ నవ్వి.

పొక్కులు మానేదాకా గడ్డం పెరగనిచ్చి, బరువైన ఇనప పిడి ఉన్న సేఫ్టీ రేజరు కొంది. తొలిరోజు అందులో బ్లేడు బిగించింది. తమ్ముడి మెడ మీద వేలి కొసలతో అటూ ఇటూ నిమిరి చూసింది. మఖమలు గుడ్డలాగే ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుగ్గా తగిలింది. గొంతు కింద మాత్రం వెంట్రుకలు అడ్డంగా పడుకున్నాయి. ఇన్నాళ్ళూ వాటికి ఎదురు గీసింది తనే. పక్షవాతంతో జారిన కుడి చెంపను చెవివైపు మెల్లగా లాగిపట్టి, నురగ మీద రేజరును దాని బరువుకే వదిలింది. చెవి కింద చిన్న గాటు పడి నెత్తురు చుక్క పొడుచుకొచ్చింది. ఆమె చటుక్కున దాన్ని వేలితో అదిమిపట్టింది.

"మంటగా ఉందిరా?"

"సరే," అన్నాడు తమ్ముడు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

నెమ్మదిమీద చెయ్యి తిరిగింది, మెడ తేటబడింది. ఒకనాటి ఉదయం ఆమె నీళ్ళ గిన్నెతో వస్తుంటే, తమ్ముడు తనంతట తానే గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇంకోరోజు ఎడమచెయ్యి చాచి రేజరు తనకిమ్మని సైగ చేశాడు. భయంతోనే ఇచ్చింది. వణికే ఆ చేతి మీద తన చెయ్యి వేసి, ఇద్దరూ కలిసి ఒక చెంప పూర్తి చేశారు. అద్దంలో చూసుకుని అతను చాలాసేపు ముఖం తడుముకున్నాడు.

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో పక్షవాతం మళ్ళీ వచ్చింది. ఈసారి "సరే" కూడా పోయింది. పెద్దాసుపత్రిలో లోపల ఉంచి, ఆమెను వరండాలో కూర్చోబెట్టారు. మూడోరోజు మధ్యాహ్నం నర్సు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువుకే ఆమెకు సంగతి తెలిసిపోయింది.

ఆమె ఏడవలేదు. మంచం దగ్గరికి వెళ్ళి దుప్పటి తొలగించి చూసింది. ముక్కులో వేసిన గొట్టం కదలకుండా ప్లాస్టరు అంటించడానికి ఎవరో గడ్డం గీసినట్టున్నారు. మెడంతా మళ్ళీ ఎర్రగా కందిపోయి ఉంది.

"అయ్యో, ఎదురు గీశారమ్మా వీడికి," అంది. అప్పుడు కట్ట తెగింది. మంచం కమ్మీ పట్టుకుని కిందికి జారిపోయింది. నర్సు పక్కనే కూర్చుంది. "క్షమించండమ్మా, తొందరలో చేశాం," అంటూ ఉండిపోయింది. కాసేపటికి ఆమె తడిగుడ్డ అడిగి తీసుకుని, నొప్పి తగులుతుందేమో అన్నంత మెత్తగా తమ్ముడి మెడ మీద అద్దింది.

అన్నీ అయిపోయాక ఇల్లు చేరి, ఎవరు చెప్పినా వినకుండా మిషను ముందు కూర్చుంది. ఎదురింటావిడ కుట్టమని ఇచ్చిన చొక్కాకి గుండీలు కుట్టడం మిగిలింది. సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. మళ్ళీ ప్రయత్నించింది. తోడుగా వచ్చి కూర్చున్న ఎదురింటావిడ సూది అందుకుని, దారం ఎక్కించి ఇచ్చింది. మిషనక్క దాన్ని పట్టుకుని చీకటి పడేదాకా అలాగే కూర్చుంది. ఎదురింటావిడ కూడా లేచి వెళ్ళలేదు.