లెక్కలోకి రాని తెల్లవారుజాము

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు మీద ఒక అద్దె గది. రూబీ ఇల్లూ ఆఫీసూ అదే. సొంతూరు ఉదయగిరి, అక్కడ ఇంట్లో నెట్ నిలవదని ఇక్కడికి వచ్చింది. మోటారు పంపులమ్మే ఒక కంపెనీకి రైతులు ఫోన్లో చాట్ చేసి మొర పెట్టుకుంటారు. వాళ్లకు జవాబులు రాసే ఏజెంట్లలో ఎవరు ఎన్ని చాట్లు చూశారో, ఎంతసేపట్లో తేల్చారో రోజూ డేటాబేసులో చేర్చే ప్రోగ్రాం ఆమె రాసిందే. ఆ లెక్కలే బెంగళూరులో పెద్దవాళ్ల డాష్‌బోర్డు మీద రంగుల గీతలవుతాయి. గీతలు బాగుంటే రూబీ ఎవరికీ గుర్తురాదు.

రోజంతా ఆమెను పలకరించే మనిషి లేడు. ఇడ్లీ బండి దగ్గర కూడా ఎన్ని ప్లేట్లని అడగడం మానేశారు. ఒకటేనని వాళ్లకు తెలుసు. అందుకే, సరిచూసే వంకతో చాట్ సర్వర్లోకి వెళ్లి పాత చాట్లు చదివేది. వాటిలో పదిహేడో నెంబరు ఏజెంటంటే ఆమెకు ప్రాణం.

"ముందు స్టార్టర్ ఆపు నాయనా. చేతులు తడిగా ఉండాయా? తుడుచుకో. నేనాడికీ పోను" అని రాసేది ఆ మనిషి. తనతోనే అన్నట్టు రూబీ రెండుసార్లు చదువుకునేది.

ఒక సోమవారం మేనేజర్ మాధవ్ ఫోన్ చేశాడు. "పని చేయని ఏజెంట్లను తీసేస్తున్నాం రూబీ. పదిహేడుకి రోజుకు రెండు చాట్లే కనిపిస్తున్నాయి. లెక్క సరిచూసి పంపు."

రెండేమిటి, రోజుకు ముప్పై రూబీ తనే చదివింది కదా! మధ్యాహ్నం దాకా వెతికితే తప్పు దొరికింది. తప్పు తనదే. సర్వర్ గడియారం నడిచేది విదేశీ వేళలో, మనకు ఐదున్నర గంటలు వెనక. దానికి రోజు ముగిసేది మన తెల్లవారి ఐదున్నరకు. రూబీ ప్రోగ్రాం మాత్రం మన అర్ధరాత్రికే ఆ రోజు లెక్క తెచ్చేసుకుని మళ్లీ వెనక్కి చూసేది కాదు. అర్ధరాత్రికీ ఐదున్నరకీ మధ్యలో వచ్చిన చాట్లు ఏ రోజులోనూ పడలేదు. మర్రిపాడు వైపు రైతులకు మోటారు కరెంటిచ్చేది తెల్లవారి మూడింటికి. మోటార్లు మొరాయించేదీ, పదిహేడు నిద్ర మానుకుని జవాబులు రాసేదీ అప్పుడే. మెట్టలో పుట్టి పెరిగిన పిల్ల, కరెంటొచ్చే వేళనే మరిచిపోయింది!

ఎనిమిది నెలల తప్పు. చెబితే తన ఉద్యోగం పోవచ్చు, నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. భయపడుతూనే మాధవ్‌కు అంతా చెప్పేసింది.

అతను కాసేపు చీవాట్లు పెట్టాడు. "సరే, సరిచెయ్యి. కానీ ఆమెను శుక్రవారమే పంపించేశాం. ఇప్పుడడిగింది ఫైల్లో పెట్టుకోడానికి. ఆ సీటులోకి వేరేవాళ్లొచ్చేశారు."

ఆమె ఫోన్ నెంబరు అడిగి తీసుకుంది రూబీ. పదిహేడు పేరు సుకన్య, ఊరు కలిగిరి. వెంటనే ఫోన్ చేసి, తనెవరో, ఏం జరిగిందో చెప్పింది. "నువ్వు పని చేసినావక్కా, నీ చాట్లు నేను చూసినాను. లెక్కలో పడనీకుండా చేసింది నేను."

సుకన్య లెక్క సంగతి అడగలేదు.

"నేను రాసినవి నువ్వు చదివినావా?"

"అన్నీ చదివినాను. రోజూ."

"మరి ఒక్కసారన్నా పలకరించకపోయినావే, అమ్మీ. ఆ వేళప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే కదా ఉండేది."

అట్లా పలకరించవచ్చన్న ఆలోచన ఎనిమిది నెలల్లో రూబీకి ఒక్కనాడూ రాలేదు.