ఒకే రంగు గడపలు

నేను దుబాయ్ పోయింది వడ్రంగి పనికి. మాది జగిత్యాల పక్క పల్లె. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక తలుపుల ఫ్యాక్టరీలో రెండేళ్లు చేశాక, మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ఒకరోజు పిలిచి, ఊరికి దూరంగా ఉన్న తన తోటలో చెక్క గది ఒకటి బిగించాలి, వారం పని అన్నాడు. ఆ వారం ఇప్పటికీ పూర్తి కాలేదు.

ఆ గది తేనెటీగలకు. స్లొవేనియా అనే దేశం నుంచి చెక్కలు చెక్కలుగా ఓడలో వచ్చింది. మామూలు తేనెపెట్టెకు పైన మూత ఉంటుంది. ఇది అలా కాదు. గది గోడే పెట్టెల వరుస. ఒకదాని మీద ఒకటిగా మూడు వరుసలు, మొత్తం ఇరవై నాలుగు. ప్రతి పెట్టెకూ గది బయటి వైపు ఈగలు వచ్చిపోయే సన్నటి సందు ఒకటి. మనిషి మాత్రం గది లోపల నిలబడి, బీరువా తెరిచినట్టు వెనక తలుపు తెరిచి, అరలోంచి పుస్తకం లాగినట్టు మైనం చట్రాన్ని లాగి చూస్తాడు. అక్కడి ఎండకు మైనం కారిపోతుంది కాబట్టి గదికి ఏసీ కూడా పెట్టించారు. ఆ దేశంలో ఈగల గదిలో పడుకుంటే ఆరోగ్యమట, అందుకని ఒక మంచం కూడా ఉంది. కఫీల్ దాని మీద ఒక్కసారి పడుకున్నాడు. ఆ తర్వాత అది నా మంచమైంది.

పని నేర్పడానికి ఆ దేశం నుంచి ఒక ముసలాయన వచ్చి మూడు వారాలున్నాడు. ఆయనకు హిందీ రాదు, నాకు ఆయన భాష రాదు. చేతులతోనే చెప్పుకున్నాం. పోయే ముందు ఆయన ప్రతి పెట్టె ముందు చెక్కకూ ఒక్కో రంగు వేశాడు. ఒకటి నీలం, దాని పక్కది తెలుపు, దాని కిందది పచ్చ. రంగు చూపించాడు, ఈగను చూపించాడు, తన కన్ను చూపించాడు. చూడముచ్చటగా ఉంది అంటున్నాడనుకుని నేను బాగా తలూపాను.

తోటలో ఖర్జూరపు చెట్లు చూసే పఠాన్ ఒకడుండేవాడు. ఈగల గది గుమ్మం కూడా తొక్కేవాడు కాదు. నేను మాత్రం కఫీల్ ముందు ఉత్త చేతులతో చట్రం లాగి, ఈగలు మోచేతి దాకా పాకుతుంటే నవ్వుతూ నిలబడ్డాను. ఆ జాతి ఈగలు సాధువులని ముసలాయన ముందే చూపించాడు. ఆ సంగతి కఫీల్‌కు చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకెవరైనా నేర్చుకునేవాళ్లు. నా గొప్ప నా మెడకే చుట్టుకుంది.

నేను ఊరు విడిచినప్పుడు నా భార్యకు నాలుగో నెల. బిడ్డను నేను చూడలేదు. 2020 మార్చిలో సెలవు దొరికింది, టికెట్ కూడా చేతికొచ్చింది, విమానాలు ఆగిపోయాయి. అది లోకమంతటికీ వచ్చిన కష్టం, ఎవర్నంటాం? విమానాలు మళ్లీ మొదలయ్యేసరికి ఎండలు ముదిరాయి. ఇప్పుడు నువ్వు పోతే ఈగలు చస్తాయి అన్నాడు కఫీల్. నిజమే, ఒక పూట నీళ్ల తొట్టి ఎండినా చస్తాయి. పాస్‌పోర్ట్ ఆయన బీరువాలో ఉంది. ఆయన చెడ్డవాడు కాడు, నా మీద అరిచింది లేదు. అరిచి ఉంటే తిరగబడేవాణ్నేమో.

ఆ ఏడాదంతా ఆ గదిలోనే ఉన్నాను. దుబాయ్ నగరంలో కరామా వైపు ఉండే మా ఊరివాళ్లు ఫోన్ చేస్తే, ఏసీ గది, ఒక్కడివే, నీకేం తక్కువ అనేవాళ్లు. మంచం మీద కూర్చుంటే ఒక మోకాలు గోడకు, ఇంకో మోకాలు పెట్టెలకు తగిలేది. గోడ అవతల ఈగలు పొద్దున పోయి సాయంత్రం వచ్చేవి. వాటిని చూస్తే కుళ్లుగా ఉండేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఈగల మీద కుళ్లుకున్నాను.

మరుసటి చలికాలం చివర కఫీల్ మాటిచ్చాడు. బలమైన పెట్టెల్లోంచి కొన్ని ఈగలను విడదీసి, గోడలో ఖాళీగా ఉన్న ఆరు పెట్టెల్లో కొత్తగా పెట్టాను. వాటిలో కొత్త రాణులు పుట్టాయి. కొత్త రాణి బయటికి ఎగిరి, పోతుటీగలతో కలిసి, తిరిగి తన పెట్టెలోకే రావాలి. వస్తే గుడ్లు పెడుతుంది, పెట్టె నిలుస్తుంది. పరాయి పెట్టెలో దూరితే అక్కడి ఈగలు చంపేస్తాయి. ఆరు రాణులూ కుదురుకుంటే నాకు సెలవు. నేను కరామా పోయి, నడిస్తే లైట్లు వెలిగే చిన్న బూట్లు కొన్నాను.

అప్పుడే ఉగాది వచ్చింది. ముందు చెక్కల మీద రంగులు ఇసుక గాలికి పొరలు లేచి వికారంగా ఉన్నాయి. రంగు వేయనా అని అడిగితే వేయమన్నాడు కఫీల్. సంతోషంలో ఉన్న చేతికి ఏం తోస్తుంది? మా వైపు ఉగాదికి గడపకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెడతారు. గేటు పక్క గట్టుకు వేయగా మిగిలిన పసుపు రంగు డబ్బా ఉంది. ఇరవై నాలుగు చెక్కలకూ పసుపు కొట్టి, ఎర్రటి బొట్లు పెట్టాను. ఇరవై నాలుగు గడపలు. నా కళ్లకు పెళ్లివారి ఇల్లులా కనిపించింది. కఫీల్ కూడా ఫోటోలు తీసి స్నేహితులకు పంపుకున్నాడు.

రెండు వారాలు గడిచాక ఆరు కొత్త పెట్టెలూ తెరిచి చూశాను. అయిదింటిలో ఒక్క గుడ్డు లేదు. బయటికి వచ్చి చూస్తే, పాత పెట్టెల ముందు ఇసుకలో పొడుగాటి రాణి ఒకటి చచ్చి పడి ఉంది. ఇంకొంచెం అవతల ఇంకొకటి. మిగతావి చీమలు లాక్కుపోయి ఉంటాయి. ముసలాయనకు వీడియో కాల్ చేసి గోడ చూపించాను. ఆయన తల పట్టుకున్నాడు. వేలితో ఒకటి, ఒకటి, ఒకటి అని పెట్టెలన్నీ చూపించి, మళ్లీ తన కన్ను చూపించాడు. ఈసారి అర్థమైంది. ఏ గడప తనదో వాటికి తెలియకుండా చేసింది నేనే.

దాచిపెట్టకుండా కఫీల్‌కు చెప్పాను.

“మాలూమ్ నై థా, మాఫీ ముష్కిల్. అగ్లా సాల్ జావో.”

తెలియక చేశావు, ఫరవాలేదు, వచ్చే ఏడు పో అని. అంత మెత్తగా అన్నాడు. నేను గదిలోకి పోయి మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఫోన్లో నా భార్య అంతా విని, “ఆ ఈగలింటికి ఇల్లరికం పోయినవా ఏంది?” అంది. నవ్వుతూనే మొదలుపెట్టింది, మాట పూర్తయ్యేసరికి నవ్వు పోయింది, ఫోన్ పెట్టేసింది.

ఏడాది తర్వాత, పెట్టెలకు రకరకాల రంగులు వేసి, రాణులు కుదురుకున్నాక, నలభై రోజులకు పంపాడు. నీళ్లు, నీడ చూసుకోవడం పఠాన్‌కు బతిమాలి నేర్పాను. ఈలోగా నా భార్య సర్కారు ఇచ్చిన డబుల్ బెడ్రూం ఇంట్లోకి మారింది. వరుసగా ఒకే తీరు ఇళ్లు, ఒకే గోధుమ రంగు తలుపులు. సూట్‌కేసుతో పోయి పక్కింటి తలుపు కొట్టాను. లోపలి నుంచి ఒకావిడ, ఎవరు కావాలి, అని అనుమానంగా అడిగింది. మా ఆవిడే బయటికొచ్చి చూసి పిలిచింది. వెనక నాలుగేళ్ల పిల్ల. లైట్ల బూట్లు దాని కాలికి సగం కూడా ఎక్కలేదు.

పిల్ల నా దగ్గరికి రావడానికి మూడు వారాలు పట్టింది. తిరిగి పోయే ముందు రోజు నేను నీలం రంగు తెచ్చి మా తలుపుకు వేస్తుంటే, పక్కన కూర్చుని చూసింది.

“మనదొక్కటే నీలం ఎందుకు బాపు?”

“నేనచ్చినప్పుడు గుర్తువట్టాలె గద బిడ్డా.”

పిల్ల తడి రంగును వేలితో ముట్టి చూసింది.

“నువ్వు పోకుంటే గుర్తువట్టుడెందుకు?”

టికెట్ నా చొక్కా జేబులో ఉంది. రెండో పూత పూర్తి చేశాను.