నలభై రెండేళ్ళ అతిథి

బేరీవాల్ గ్రామంలో మెహంగా సింగ్ కాలు పెట్టి నలభై రెండేళ్ళయింది. అన్నదమ్ములు లేని బచింత్ కౌర్‌ను పెళ్ళాడి, ఇల్లరికం వచ్చి, మామగారి ఆరెకరాలు దున్నుతూ అక్కడే గడ్డం నెరిపించుకున్నాడు. అయితే పంజాబీలో అల్లుణ్ణి ‘పరౌణా’ అంటారు, అంటే అతిథి. అతిథి ఎప్పటికైనా వెళ్ళవలసినవాడు కనుక, ఆయన ఎప్పుడు బయల్దేరతాడా అని ఊరు ఇన్నేళ్ళుగా ఎంతో మర్యాదగా ఎదురుచూస్తోంది.

ఊరి ఆడపడుచు భర్త కాబట్టి తన ఈడువాళ్ళందరికీ ఆయన బావ. వాళ్ళ పిల్లలందరికీ ‘ఫుఫ్ఫడ్’, అనగా మేనత్త మొగుడు. మన తెలుగు ఈ విషయంలో ఉదారమైనది. మేనత్త మొగుడినీ, తల్లి తోడబుట్టినవాణ్ణీ, పిల్లనిచ్చినవాణ్ణీ ఒక్క ‘మామయ్య’ అన్న మాటతో కడుపులో పెట్టుకుంటుంది. పంజాబీకి అంత జాలి లేదు. ప్రతి చుట్టానికీ ఒక మాట, ప్రతి మాట చుట్టూ ఒక కంచె. తండ్రి తమ్ముడు చాచా, అతడు లోపలివాడు. ఫుఫ్ఫడ్ గడప అవతలివాడు. అతనికి పెద్ద కుర్చీ, మొదటి జిలేబీ, అలిగే హక్కు దక్కుతాయి. మాట చెల్లుబాటు మాత్రం దక్కదు.

కాలువ నీటి వంతుల మీద పంచాయితీ జరిగినప్పుడల్లా మెహంగా సింగ్ గొంతు సవరించుకునేవాడు. వెంటనే ఎవరో ఒకరు, “పరౌణా గారూ, ఈ గొడవలు మీకెందుకండీ! టీ తాగండి,” అనేవారు. ఆ విధంగా ఆయన తాగిన టీని కాలువకు వదిలితే చివరి పొలం దాకా తడిసేది.

దక్కిన హక్కుల్లో ఆయన ఎన్నడూ వాడనిది అలక ఒక్కటే. అలిగిన ఫుఫ్ఫడ్ తన ఊరికి పోతాడు. ఈయన ఏ ఊరికి పోవాలి?

పొరుగింటి బల్‌కార్ సింగ్ కూతురు రమణీక్ పెళ్ళినాడు ఆయన పొద్దున్నే వంటల షామియానాలో మంచం వేయించుకుని, బఠాణీలు ఒలిపించాడు, జిలేబీల పాకం చూశాడు. పదింటికి మగపెళ్ళివారు వచ్చారు. గుమ్మంలో మిల్నీ మొదలైంది. ఇరువైపుల చుట్టాలూ వరస తప్పకుండా, మేనమామకు మేనమామ, చాచాకు చాచా, దండలు వేసి కౌగిలించుకోవాలి. సత్తువ ఉన్నవాడు ఎదుటివాణ్ణి గాల్లోకి ఎత్తాలి.

అంతలో బల్‌కార్ పరుగెత్తుకొచ్చాడు.

“బావగారూ, కొంప మునిగింది! మా చెల్లెలి మొగుడు రాలేదు. శుభలేఖలో ఆయన పేరు నా తోడల్లుడి పేరు కింద పడిందట. ఫోను కూడా ఆపేశాడు.”

“అయితే?”

“అవతలి ఫుఫ్ఫడ్ దండ పట్టుకుని కొయ్యలా నిలబడ్డాడు. లేవండి. అసలు మాకు ఫుఫ్ఫడ్ అంటే మీరే కదా!”

ఆ ‘అసలు’ అన్న మాట మెహంగా సింగ్‌కు ఎక్కడో గుచ్చుకుంది. మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

“నేను రాను.”

బచింత్ కౌర్ చేతిలో గరిటె ఆగిపోయింది. “ఏమయ్యా, ఒంట్లో బాగుందా?”

“అలిగాను.”

ఈ వార్తకు ఊరు మురిసిపోయింది. “ఇన్నాళ్ళకు ఫుఫ్ఫడ్ అనిపించుకున్నాడ్రా!” అంటూ బతిమాలడంలో ఆరితేరిన పెద్దలంతా మంచం చుట్టూ మూగారు.

“ఏం కావాలి బావగారూ? రెండు కంబళ్ళా? ఉంగరమా?”

“పిల్లల్లో ఎవరైనా సరే, ఒక్కసారి నన్ను చాచా అని పిలవండి.”

చివరికి బల్‌కార్ నసిగాడు. “వరస కలవదు కదా బావగారూ...”

ఎనభై దాటిన అతని తల్లి బిషన్ కౌర్ కర్ర నేలకేసి కొట్టింది. “ఆయన పండించిన గోధుమలు తిన్నప్పుడు ఏ వరస చూసి తిన్నావురా?”

షామియానా వెనక పెళ్ళికూతురి గది కిటికీ తెరుచుకుంది. ఎర్రగాజులు గలగలమన్నాయి.

“చాచా జీ! నా పెళ్ళి ఆపేస్తారా ఏంటి? లేవండి!”

మెహంగా సింగ్ లేచి కూర్చుని తలపాగా సర్దుకున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ ఉల్లిపాయల ఘాటన్నాడు. అక్కడున్నవి బఠాణీలు.

అప్పుడు వరసల పట్టీ చదువుతున్న గురుద్వారా పూజారి భాయీజీ సందేహం లేవనెత్తాడు. “చాచాలు మనకు ఐదుగురు, వాళ్ళకు నలుగురే. ఒకాయన ఇప్పటికే మిగిలాడు. ఈయన ఆరో చాచా అయి ఏం లాభం? మనకు కావలసింది ఫుఫ్ఫడ్ కదండీ.”

నలభై రెండేళ్ళు కోరిన మాట దక్కిన మరుక్షణమే ఆయన ఎందుకూ కొరగానివాడయ్యాడు. కిటికీ వైపు ఒకసారి చూశాడు.

“పదండి, పిల్ల పెళ్ళి. ఫుఫ్ఫడ్‌గానే వస్తాను.”

అవతలి ఫుఫ్ఫడ్ బక్కపల్చని మనిషి. దండలు వేసుకున్నాక మెహంగా సింగ్ ఆయన్ని అమాంతం ఎత్తాడు.

“తమరిది ఏ ఊరండీ?” అని ఆయన గాల్లోంచే మర్యాదగా అడిగాడు.

“ఈ ఊరే.”

“భలేవారే! అత్తారి ఊరు ఫుఫ్ఫడ్‌ది ఎలా అవుతుందండీ?”

మెహంగా సింగ్ దించలేదు. డోలు మోగుతూనే ఉంది.

“సరే మహాప్రభో, ఈ ఊరే! దించండి!”

అప్పుడు దించాడు.

సాయంత్రం అప్పగింతల్లో రమణీక్ ఆయన్ని మరోసారి “చాచా జీ” అని పిలిచి, వంగి కాళ్ళకు దండం పెట్టి కారెక్కింది. ఆయన్ని ఊరివాడిగా ఒప్పుకున్న ఒకే ఒక్క మనిషి ఆ విధంగా ఊరు దాటిపోయింది.

“పరౌణా గారూ, నిలబడ్డారేం? కూర్చోండి, టీ తెప్పిస్తాను,” అన్నాడు బల్‌కార్.

మెహంగా సింగ్ కూర్చోలేదు. షామియానాలోకి వెళ్ళి కుర్చీలు మడవడం మొదలుపెట్టాడు.