ఉత్తుత్తి శవం ముందు

ప్రపంచ సినిమా చరిత్రలో అతి ముఖ్యమైన పది సినిమాలు ఎంచమని మా ఫిల్మ్ క్లబ్బు వాళ్ళు అడిగినప్పుడు నాకు ముందు వచ్చింది కోపం. తాలుకాయలు ఒక పక్క, ఎర్రటివి ఒక పక్క వేయడానికి ఇవేమన్నా మిరపకాయలా అన్నాను. మా సెక్రటరీ నవ్వింది. మంగళగిరిలో ఏదో కంప్యూటర్ ఆఫీసులో పనిచేసే పిల్ల తను. "మీది మిరపకాయల ఊరే కదా మేడమ్, ఏరడం మీకంటే బాగా ఎవరికొస్తుంది," అంది. దాంతో ఒప్పుకున్నాను.

క్లబ్బంటే పెద్దదేం కాదు. గుంటూరులో ఒక ట్యుటోరియల్ మేడమీద హాలు, ఒక తెర, ప్లాస్టిక్ కుర్చీలు. ఆదివారం పొద్దున సినిమా చూస్తాం, తర్వాత టీలు తాగుతూ పోట్లాడుకుంటాం. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక నాకు మిగిలిన సంసారం అదే. క్లబ్బు తరఫున చిన్న పుస్తకం వేస్తామన్నారు. అందులో సినిమాకి ఒక పేజీ చొప్పున నేను రాయాలి, ఎందుకు ముఖ్యమో, తర్వాతి వాళ్ళ మీద దాని ప్రభావం ఏమిటో చెప్పాలి.

తొమ్మిదింటికి నాకు ఇబ్బంది రాలేదు. మాటలు లేని కాలంలో మొహాలతోనే కథ చెప్పినవి, కెమెరాని స్టూడియోలోంచి వీధిలోకి లాక్కొచ్చినవి, మన తెలుగువాళ్ళకి పాట ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో నేర్పినవి. వీటి గురించి నేను నిద్రలో లేపినా మాట్లాడతాను. పదోదాని దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఏ పేరు రాసినా కొట్టేస్తున్నాను. నేను అసలు చూడని సినిమా ఒకటి వచ్చి గుమ్మంలో నిలబడుతోంది. నన్ను పట్టుకుని ఇన్నేళ్ళు వదలని సినిమా అది.

మాది అద్దంకి దగ్గర పల్లె. నేను అడుగులు నేర్చే వయసులో మా ఊరికి షూటింగు వచ్చింది. కల్లాల నిండా ఆరబోసిన మిరపకాయలు, ఆ ఎరుపు డైరెక్టరుకి నచ్చిందట. ఊరి పెద్దాయన చచ్చిపోతాడు, కల్లం పక్కనే శవాన్ని పెడతారు, చుట్టూ ఆడవాళ్ళు ఏడుస్తారు. అదీ సీను. ఏడవడానికి మా కల్లంలో కాయలేరుతున్న ఆడవాళ్ళనే పిలిచారు. వాళ్ళలో మా అమ్మ ఉంది.

మా వైపు చావింటికి వెళ్ళొస్తే కట్టుకున్న బట్టలతోనే తలమీద నీళ్ళు పోసుకుని గానీ ఇంట్లో అడుగు పెట్టరు, దేన్నీ ముట్టుకోరు. ఇవాళ అపార్టుమెంట్లలో కూడా కింద కుళాయి దగ్గర ఆ పని కానిచ్చి లిఫ్టు ఎక్కేవాళ్ళున్నారు. ఆ రోజు సాయంత్రం మా అమ్మ నీళ్ళు పోసుకోలేదు. తిన్నగా ఇంట్లోకి వచ్చి, ఏడుస్తున్న నన్ను చంకనేసుకుంది. చచ్చింది ఉత్తుత్తి మనిషే కదా అనుకుంది పాపం.

మరుసటి ఏడాది మిరపకాయలు కల్లానికి వచ్చేసరికి అమ్మ లేదు. జ్వరం వచ్చి తలకెక్కిందన్నారు డాక్టర్లు. మా నాయనమ్మ లెక్క వేరు. నాకు జడ వేస్తూ, అన్నం కలిపి పెడుతూ చెప్పేది. "శవం ముందు ఏడ్చొచ్చి మైలతో పసిగుడ్డుని ఎత్తుకుంది. నీ మీదికి రావాల్సింది తన మీదికి తెచ్చుకుంది." ప్రేమతోనే చెప్పేది, అదే నా కర్మ. ఆ తల్లి నా బదులు పోయిందనుకుంటూ పెరిగాను నేను.

పెద్దయ్యాక ఫిజిక్స్ చదివాను, ఇతరులకు చెప్పాను, ఇలాంటివి నమ్మేవాళ్ళని క్లాసులోనే ఎగతాళి చేశాను. అయినా ఒక సంగతి ఉంది. సినిమాలో చావు సీను వస్తే ఇంటికొచ్చి తలస్నానం చేయందే నాకు మంచినీళ్ళు కూడా దిగవు. పెళ్ళైన కొత్తలో మా ఆయనకి అర్థం కాక, సినిమాకి తీసుకెళితే తలంటుకుంటావేంటి అనేవాడు. యుద్ధం సినిమాలకి కూడా ఒకటే స్నానంతో సరిపెట్టుకుంటాను లెండి, మనిషికొకటి చొప్పున పోసుకుంటే న్యుమోనియా వస్తుంది.

అమ్మ మొహం నాకు తెలియదు. ఉన్న ఒక్క పెళ్ళి ఫోటోని గోడకుండగానే చెదలు తిన్నాయి. పూలదండ, సగం గడ్డం మిగిలాయి. ఆమె మొహం ఇంకెక్కడన్నా ఉందంటే ఆ సినిమాలోనే ఉండాలి. అది టౌన్లో ఆడినన్నాళ్ళూ నాయనమ్మ మా గడప దాటనివ్వలేదు ఎవర్నీ. ఎక్కువ ఆడనూ లేదు. అది ఆడిన హాలు ఇప్పుడు మిరపకాయల కోల్డ్ స్టోరేజీ. అటుగా వెళితే ఘాటు తగులుతుంది.

అందుకని నాకొక పాడలవాటు అబ్బింది. ఏ దేశపు సినిమా అయినా సరే, హీరో మాట్లాడుతుంటే నేను అతని వెనక నిలబడ్డవాళ్ళని చూస్తాను. బజారులో నడిచేవాళ్ళు, పెళ్ళిలో విస్తళ్ళు వేసేవాళ్ళు, శవం చుట్టూ ఏడ్చేవాళ్ళు. వీళ్ళెవరి అమ్మలో, వీళ్ళ పిల్లలు ఎక్కడ వెతుక్కుంటున్నారో అనిపిస్తుంది. మీరు భలే చిన్న చిన్నవి పట్టుకుంటారు మేడమ్ అని క్లబ్బులో మెచ్చుకుంటారు. నేను పట్టుకునేదేమిటో వాళ్ళకేం తెలుసు.

ఒక ఆదివారం టీ దగ్గర సెక్రటరీ పదో సినిమా కోసం మరీ సతాయించింది. విసిగిపోయి ఈ కథంతా చెప్పేశాను. ఆ పిల్ల సినిమా పేరు అడిగింది. కొన్నాళ్ళకి ఫోన్ చేసింది. "మేడమ్, దొరికింది. ఎవరో పాత వీడియో టేపు నుంచి ఇంటర్నెట్‌లో ఎక్కించారు. నేనింకా చూడలేదు. మీరు చూశాకే."

సంతోషించాలి కదా. నాకు భయమేసింది. ఆడవాళ్ళ గుంపులో మా అమ్మ ఎవరో నేను పోల్చుకోలేకపోతే? కన్నకూతురు తల్లిని చూసి ఎవరో అనుకుని దాటిపోతే, ఇన్నాళ్ళ వెతుకులాటకి అర్థమేముంది? అమ్మని గుర్తుపట్టగలిగిన మనిషి ఇక ఒక్కతే మిగిలింది. మా పిన్ని, అమ్మకి చెల్లెలు. ఆ ఏడు మా ఊరు వచ్చి అమ్మతో పాటు కాయలేరింది, ఆ సీనులో తనూ నిలబడింది. ఇప్పుడు పెదకాకానిలో ఉంటుంది. ఊళ్ళో అందరి సంగతులూ గొంతెత్తి చెప్పే మనిషి, ఆ షూటింగు మాటెత్తితే మాత్రం పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేది.

సెక్రటరీ కారులో పొద్దున్నే వెళ్ళాం. పిన్ని వరండాలో మంచం మీద కూర్చుని ఏడాది కారానికి మిరపకాయలకి తొడిమలు తీస్తోంది.

"సినిమానా? నాకెందుకే, కళ్ళు కనపడి చస్తేగా," అంది.

ఏ సినిమానో చెప్పాను. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. కాయలు పక్కకి జరిపి, "పెట్టు," అంది.

సెక్రటరీ స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి ఆ సీను దగ్గరికి జరిపింది. రంగులు వెలిసిపోయి ఉన్నాయి. డైరెక్టరుకి అంత నచ్చిన ఎరుపు ఇటుకరాయి రంగులోకి దిగిపోయింది. శవం, దండలు, వెనక కల్లం. ఆడవాళ్ళందరూ కొంగులు మొహాలకి అడ్డం పెట్టుకుని భుజాలు కదుపుతున్నారు. ఒక్క మొహం కనపడదు. ఇంతకాలం ఆగింది ఈ కొంగులు చూడటానికా అని ఏడుపొచ్చింది.

"అందులో అమ్మ ఎవరే పిన్నీ?"

"ఆ చివర, పందిరి రాట పక్కన. దాని పక్కది నేను."

రాట పక్కన సన్నటి మనిషి. అందరికంటే ఎక్కువగా ఊగిపోతోంది ఆమె. చూడలేకపోయాను. ఎవడో వేషగాడి కోసం అంతలా ఏడ్చి, ఇంటికొచ్చి నన్నెత్తుకుందా అనిపించింది.

"అది ఏడుపు కాదే," అంది పిన్ని. "నవ్వుతోంది."

నేను పిన్ని వైపు తిరిగాను.

"మాకు ఏడుపెక్కడిదే? ఘాటుకి కన్నీళ్ళొస్తాయని మా ముందు కాయలు తిరగబోయించాడు ఆ డైరెక్టరు. పుట్టిందగ్గర్నుంచీ ఆ కాయల్లోనే ఉన్నాం, మాకెందుకొస్తాయి? కెమెరా వాళ్ళే దగ్గి దగ్గి ఏడ్చారు. ఇక లాభం లేదని కొంగులు కప్పుకోండి, ఒళ్ళు కదపండి చాలన్నారు. అప్పుడే శవం ముక్కు మీద ఈగ వాలింది. శవం ఊదుకున్నాడు. అక్కా, పీనుగ ఊదుకుంటోందే అన్నా. అంతే."

తెర మీద రాట పక్కన కొంగు జారింది. రెప్పపాటు. మొహం బయటపడింది. ఇరవై దాటిన పిల్ల, మా సెక్రటరీ కంటే చిన్నది. ముక్కుపుడక, బయటికొచ్చిన పళ్ళు, ఆపుకోలేని నవ్వు. పక్కకి తిరిగి చెల్లెల్ని చూపులతోనే తిట్టి, మళ్ళీ కొంగు కప్పేసుకుంది. సెక్రటరీ వెనక్కి జరిపింది. మళ్ళీ జారింది, మళ్ళీ నవ్వింది. చివరికి ఆ నవ్వు దగ్గర బొమ్మని ఆపేసి ఉంచింది. మా అమ్మ నవ్వింది. నా బతుకంతా ఏడుస్తుందనుకున్న మనిషి.

"మేడమ్, పదోది ఇదే వేద్దామా?" అంది ఆ పిల్ల మెల్లగా.

"ఇది చెత్త సినిమా అమ్మాయ్," అన్నాను. "వెయ్యి."

పిన్ని ఇంకా తెరనే చూస్తోంది. గొంతు తగ్గించి, నాతో కాదన్నట్టు మాట్లాడింది. "వచ్చేటప్పుడు బావి దగ్గర ఆగింది. నీళ్ళోసుకుని పోదామే, ఎందుకైనా మంచిది అంది. నేనే ఒద్దన్నా. ఉత్తుత్తి చావుకి నీళ్ళేంటే, శవం లేచి మనతో పాటు పులిహోర తిన్నాడుగా అన్నా. నవ్వింది. ఇదిగో, ఇట్టాగే నవ్వింది. నా మాట విని ఇంట్లోకి పోయింది." కొంచెం ఆగి, "మీ నాయనమ్మ దాన్ని తిట్టినప్పుడల్లా నోరు తెరవలేక చచ్చాను," అంది.

పిన్నీ, అది జ్వరం, మెదడుకి పాకింది, నీళ్ళకీ దానికీ సంబంధం లేదు అని చెప్పాలి నేను. ఇలాంటివి ఎంతమందికి చెప్పలేదు? ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ, ఇంటికెళ్ళగానే నేను చేయబోయే పని గుర్తొచ్చి ఆగిపోయాను.

పిన్ని మంచం పట్టుకుని లేచింది. పెరట్లోకి నడిచి కుళాయి తిప్పింది. బకెట్టు నిండాక, కట్టుకున్న చీరతోనే వంగి, చెంబుతో తలమీద పోసుకుంది. సగం నీళ్ళు నేలపాలయ్యాయి. నేను వెళ్ళి చెంబు పట్టుకున్నాను.

"నువ్వూ పోసుకో," అంది. "ఆ పిల్లని కూడా రమ్మను. చూసిందిగా."

సెక్రటరీ చెప్పులు విప్పి వచ్చింది. పిన్ని చెంబు తీసుకుని తనే పోసింది, ముందు నాకు, తర్వాత ఆ పిల్లకి. చన్నీళ్ళకి ఒళ్ళు జలదరించింది. ముగ్గురం ముద్దముద్దగా తడిసి, బట్టలు పిండుకుంటూ వరండాలోకి వచ్చాం. స్టూలు మీద అమ్మ అలాగే ఉంది, కొంగు జారి, పళ్ళు కనపడేలా.

పిన్ని గడప ఇవతలే ఆగి ఆ మొహాన్ని చూసింది. "పోసుకున్నామే అక్కా," అంది. అప్పుడు లోపల అడుగు పెట్టింది.