లోరెన్సో మాస్టరుతో ఎడారి సరిహద్దు దాకా

ఇరాక్ సైన్యం వచ్చిందని నాకు మొదట చెప్పింది సల్వాలో నేను పనిచేసే అరబ్బుల ఇంటి డ్రైవరు, మా కడప వైపు సుబ్బరాయుడన్న. గురువారం ఉదయం ఆరింటికి వంటింటి కిటికీ తట్టి, "టీ సంగతి తర్వాత చెల్లీ, రోడ్డు మింద ట్యాంకులు నిలబడినాయి" అన్నాడు.

మూడు వారాల తర్వాత, మేం మామా అని పిలిచే ఇంటి యజమానురాలు నా పాస్‌పోర్టు ఇచ్చి, నాకూ అన్నకూ బస్సు కిరాయి కూడా తనే కట్టింది. ఆ తల్లి చల్లగా ఉండాలి. ఉదయం ఏడింటికి ఫర్వానియాలో బస్సెక్కాం. పక్కింటి వంటమనిషి లోరెన్సో మాస్టరు, ఆయన శిష్యుడు మాథ్యూ మా వెనక సీట్లో కూర్చున్నారు. ఇద్దరిదీ గోవా. శుక్రవారం సాయంత్రాలు కారు షెడ్డులో నలుగురు కలిసి జాజ్ అనే అమెరికా నల్లవాళ్ళ పాతకాలపు సంగీతం వాయించేవారు. మాస్టరుది ట్రంపెట్, మాథ్యూది క్లారినెట్. మిగతా ఇద్దరి జాడ తెలియలేదు.

మాస్టరుకు చక్కెర జబ్బు. సూదిమందు ఎండకు పాడవకుండా సీసాను తడిగుడ్డలో చుట్టి నేను ఒళ్ళో పెట్టుకున్నాను. "జాగ్రత్త సిస్టర్, నేను నీ ఒళ్ళోనే ఉన్నా" అని నవ్వారు.

మధ్యాహ్నం బస్రాలో రొట్టె, ఖర్జూరాలు దొరికాయి. మర్నాటి ఉదయానికి బాగ్దాద్. మూడోరోజు సాయంత్రం నాలుగింటికి జోర్డాన్ సరిహద్దు గుడారాలకు చేరాం. అక్కడ తాగే నీళ్ళకే వరుస. నా వంతులో సగం ఆ గుడ్డ మీద పోసేదాన్ని. రెండు రోజులకు సీసా ఖాళీ అయింది.

"మా చెల్లెలి అరబ్బీకి మామానే భయపడేది, పో" అని సుబ్బరాయుడన్న నన్నే డాక్టరు గుడారానికి పంపాడు. అక్కడి మనిషి ఖాళీ సీసా చూసి "బుక్రా, బుక్రా" అన్నాడు. నాకు హిందీ బుఖార్ తోచింది. తిరిగొచ్చి "జ్వరమేనంట, తగ్గిపోతాదంట" అని మాస్టరుకు ధైర్యం చెప్పాను. బుక్రా అంటే రేపు. సల్వాలో రేపును బాచర్ అనేవాళ్ళం. మర్నాడు ఎనిమిదింటికి సూదిమందు పంచారు. మేం రొట్టెల వరుసలో ఉన్నాం. ఒక ఈజిప్టు ఆయన అర్థం చెప్పేసరికి పదకొండు దాటింది, మందు అయిపోయింది. మూడింటికి మాస్టరు పోయారు.

మాస్టరును పూడ్చడానికి మోసుకుపోతుంటే మాథ్యూ క్లారినెట్ నెమ్మదిగా వాయిస్తూ ముందు నడిచాడు. పూడ్చి తిరిగొచ్చేటప్పుడు ఊపుగా పాట ఎత్తుకున్నాడు. నేను ఆపబోయాను.

"చావుకు మా జాజ్ వాళ్ళ పద్ధతి ఇదే సిస్టర్. వచ్చేటప్పుడు సంతోషంగా వాయించాలి."

"వాయించనీ చెల్లీ, మన పక్క చావుకు పలకలు కొట్టరా ఏంది" అని సుబ్బరాయుడన్న ఖాళీ నూనె డబ్బా మీద దరువేశాడు. ఇరవై అడుగులు నడిచామేమో, మాథ్యూ ఆగిపోయాడు. "పాట నడిపేది మాస్టరే. నాకు వెనక వంతే వచ్చు."

అమ్మాన్ నుంచి బొంబాయికి విమానంలో టికెట్టు అడగలేదు. ఎవరు కట్టారో వారికి నమస్కారం. మాథ్యూ గోవా బస్సెక్కాడు, మేం కడప రైలెక్కాం. దేవుడు నన్ను ఇల్లు చేర్చాడు. దణ్ణం పెట్టుకుంటాను గానీ, ఎందుకు చేర్చావని అడగడానికి నోరు రాదు. చదివినవాళ్ళు మీ దేవుడి ముందు నిలబడినప్పుడు లోరెన్సో మాస్టరును ఒక్కసారి తలుచుకోండి. నేను తలుచుకుంటే తప్పు చెప్పుకోవడంతోనే సరిపోతోంది.